మగ్గం మీద ముసోలినీ: హన్నా రిగ్గెన్ నేసిన బొమ్మల్ని ఎలా చూడాలి

బాయో టాపెస్ట్రీ పేరు ఈమధ్య వార్తల్లో బాగానే నలిగింది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలుచుకున్న కథను దాదాపు 70 మీటర్ల పొడవున చెప్పే ఆ గుడ్డను లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి కొంతకాలం అరువిస్తామని 2025లో ఫ్రాన్స్ ప్రకటించింది. ఆ ఫొటోలు చూసి టాపెస్ట్రీ అంటే ఇదేనని చాలామంది అనుకున్నారు. తమాషా ఏంటంటే అది టాపెస్ట్రీయే కాదు. నార గుడ్డ మీద ఊలు దారంతో సూదిపెట్టి కుట్టిన ఎంబ్రాయిడరీ. పేరు అలా స్థిరపడిపోయింది, అంతే.

పేరులో ఏముందిలే అని వదిలేయొచ్చు. కానీ నార్వేకి చెందిన హన్నా రిగ్గెన్ (1894–1970) లాంటి కళాకారిణి దగ్గరికొచ్చేసరికి ఈ తేడా తెలియకపోతే పనిలో సగం అర్థం కాదు. ఆమె నేతల్ని ఫొటోలో చూసినవాళ్ళు పెయింటింగ్ అనుకుంటారు. గోడ మీద చూసినవాళ్ళు కార్పెట్ అంటారు. హిట్లర్, ముసోలినీ, చర్చిల్, అమెరికా అధ్యక్షుడు జాన్సన్ అందులో కనబడేసరికి పత్రికల్లో వచ్చే కార్టూన్ల బాపతనుకునేవాళ్ళూ ఉంటారు. కాబట్టి ముందు నేత దగ్గర మొదలుపెట్టి, తర్వాత మనిషి దగ్గరికి, ఆ తర్వాత వివాదాల దగ్గరికి వద్దాం.

బొమ్మ గుడ్డ మీద ఉంటుందా, గుడ్డే బొమ్మా?

ఏ నేతకైనా రెండు రకాల దారాలు కావాలి. మగ్గం మీద ముందే బిగించి ఉంచేది పడుగు. దాని మధ్యనుంచి అటూ ఇటూ పోయేది పేక. మామూలు చీరలో పేక దారం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పోయి వెనక్కి వస్తుంది. టాపెస్ట్రీలో అలా పోదు. ఎక్కడ ఏ రంగు కావాలో అక్కడి వరకే ఆ రంగు దారం వెళ్ళి వెనక్కి తిరుగుతుంది. పక్క రంగుకి వేరే కండె, వేరే దారం. పేకను బాగా దట్టంగా దిగగొడతారు కాబట్టి పడుగు పూర్తిగా దాని కింద దాక్కుంటుంది. కంటికి కనబడేదంతా పేకే.

తెలుగువాళ్ళకి ఇది చెప్పడం తేలిక, ఎందుకంటే మన దగ్గర దీనికి పక్కింటి చుట్టాలున్నాయి. పోచంపల్లి చిటికి పనిలో డిజైన్ నేతకి ముందే, దారాలకి రంగు అద్దే దశలోనే తయారవుతుంది. ఉప్పాడ జాంధానీలో నేల గుడ్డ మామూలుగా నడుస్తూ ఉంటే, బుటా ఉన్నచోట అదనపు దారాలు చొప్పిస్తారు. ఆ అదనపు దారాలు తీసేసినా గుడ్డ మిగులుతుంది. నిర్మాణంలో టాపెస్ట్రీకి అన్నిటికన్నా దగ్గరిది వరంగల్ జంపఖానా. అందులోనూ పేకే పడుగును కప్పేస్తుంది. టాపెస్ట్రీలో బొమ్మ తీసేస్తే గుడ్డే ఉండదు. పడుగు పోగులు మాత్రం వేలాడుతుంటాయి.

దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. పది పడుగు పోగులున్నాయనుకుందాం. ఎడమవైపు నాలుగు పోగుల మీద ఎరుపు రావాలి, కుడివైపు ఆరింటి మీద నీలం. ఎర్రదారం ఒకటో పోగు నుంచి నాలుగో పోగు దాకా పోయి తిరుగుతుంది. నీలందారం పదో పోగు నుంచి ఐదో పోగు దాకా వచ్చి తిరుగుతుంది. ఇలా యాభై వరసలు నేస్తే నాలుగుకీ ఐదుకీ మధ్య గుడ్డ నిలువునా చీలి ఉంటుంది, ఎందుకంటే ఆ రెండింటినీ కలిపే దారం ఒక్కటీ లేదు. దీనికి మూడు దారులున్నాయి. చీలికను వదిలేసి తర్వాత సూదితో కుట్టొచ్చు. ప్రతి వరసలో రెండు రంగుల దారాల్నీ ఒకదానితో ఒకటి మెలేయొచ్చు. లేదా రెండు మూడు వరసలకోసారి సరిహద్దును ఒక పోగు పక్కకి జరుపుతూ పోవచ్చు. మూడో పద్ధతిలో గీత మెట్లుమెట్లుగా ఏటవాలుగా వస్తుంది.

టాపెస్ట్రీల్లో ముక్కులు కోసుగా, భుజాలు పలకలుగా కనబడటానికి పెద్ద కారణం ఇదే. గుండ్రటి బుగ్గ నేయడం కుదరదని కాదు, కానీ ప్రతి వంపుకీ నేతగత్తె పోగులు లెక్కపెట్టుకోవాలి. రిగ్గెన్ బొమ్మల్ని చూసి "పిల్లలు గీసినట్టుంది" అనేవాళ్ళు ఈ లెక్క సంగతి మర్చిపోతారు.

గీసేదొకరు, నేసేదొకరు

యూరప్‌లో చాలా శతాబ్దాలపాటు టాపెస్ట్రీ పని రెండుగా చీలి ఉండేది. చిత్రకారుడు అసలు సైజులో నమూనా గీస్తాడు. వర్క్‌షాపులో నేతవాళ్ళు దాన్ని చూసి నేస్తారు. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ కోసం రాఫెల్ గీసిన నమూనాల్ని బ్రస్సెల్స్‌లో నేశారు. ఆ నమూనాల్లో ఏడు ఇప్పటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. 1662లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ హయాంలో మొదలైన గోబెలాన్ కర్మాగారంలోనూ ఇదే పద్ధతి. రాఫెల్ పేరు అందరికీ తెలుసు. నేసినవాళ్ళ పేర్లు అడిగితే చరిత్రకారులు కూడా కాస్త ఆలోచించుకోవాలి.

నార్వే కథ కొంచెం వేరు. అక్కడ పాత నేతలు తక్కువే మిగిలాయిగానీ, మిగిలినవి గట్టివి. 1879లో బాల్దిషోల్ అనే చోట ఓ పాత చర్చిని పడగొడుతుంటే దొరికిన ముక్కలో ఏప్రిల్, మే నెలల బొమ్మలున్నాయి. మే నెలకి గుర్రం మీద యోధుడు. ఇది మధ్యయుగం నాటిది, ఇప్పుడు ఆస్లోలోని నేషనల్ మ్యూజియంలో ఉంది. ఆ తర్వాత 17వ శతాబ్దంలో గుద్‌బ్రాన్స్‌దాల్ లోయలాంటి చోట్ల పల్లెటూరి నేతవాళ్ళు బైబిల్ కథల్ని, ముఖ్యంగా పదిమంది కన్యల కథని, వాళ్ళకి తోచిన బట్టలూ రంగులూ వేసి నేశారు.

19వ శతాబ్దం చివర్లో ఈ పని మళ్ళీ లేచింది. అందులో పెద్ద పేరు స్తవాంగర్‌కి చెందిన ఫ్రీదా హాన్సెన్ (1855–1931). బాగా కలిగిన వ్యాపారి ఇంట్లో పుట్టారు, పెళ్ళయ్యాక కుటుంబం దివాలా తీసింది. బతకడానికి ఎంబ్రాయిడరీ కొట్టు పెట్టారు, తర్వాత నిలువు మగ్గం మీద పాత నేత నేర్చుకున్నారు. పడుగులో కొంతభాగాన్ని నేయకుండా వదిలేసి, వెలుగు అటునుంచి ఇటు కనబడేలా చేసే పద్ధతి ఒకటి కనిపెట్టి 1897లో పేటెంట్ తీసుకున్నారు. 1898లో నేసిన "పాలపుంత" అనే నేతను హాంబర్గ్ మ్యూజియం కొనుక్కుంది. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో బంగారు పతకం వచ్చింది. ఆమెకీ వర్క్‌షాపు ఉండేది, అందులో వేరే మహిళలు నేసేవాళ్ళు.

రిగ్గెన్ దగ్గర ఈ చీలిక లేదు. నమూనా గీయలేదు, గీసిచ్చినవాళ్ళూ లేరు, జీతానికి నేసినవాళ్ళూ లేరు. ఉన్నికి గొర్రెలు ఇంట్లోవే. వడకడం, రంగులు కాచడం, నేయడం అన్నీ ఆమే. బొమ్మ ఏమిటన్నది మగ్గం ముందు కూర్చున్నాకే తేలేది. పెద్ద మగ్గాల్లో నేసిన భాగం ఎప్పటికప్పుడు చుట్టుకుపోతుంది కాబట్టి మొత్తం బొమ్మని ఒకేసారి చూసుకునే వీలుండదు. పెయింటింగ్‌లోలాగా పైనుంచి ఇంకో పూత వేసి దిద్దుకోవడం కుదరదు. దిద్దాలంటే విప్పాలి. ఆమె పనిలో ఏదన్నా ఒక్క విషయం పట్టుకోమంటే నేను ఇదే పట్టుకుంటాను: అభిప్రాయమూ ఆమెదే, చేయీ ఆమెదే.

మాల్మో నుంచి ఓర్లాండెట్‌కి

నార్వేజియన్ కళాకారిణి అని అందరం అంటున్నాం గానీ, హన్నా యోన్సన్ పుట్టింది స్వీడన్‌లోని మాల్మోలో, 1894లో. టీచర్‌గా శిక్షణ తీసుకుని ఆ పనే చేశారు. పక్కనే ఉన్న లుంద్‌లో ఫ్రెడ్రిక్ క్రెబ్స్ అనే డేనిష్ చిత్రకారుడి దగ్గర ఏళ్ళ తరబడి పెయింటింగ్ నేర్చుకున్నారు. 1922లో జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్ళినప్పుడు హన్స్ రిగ్గెన్ అనే నార్వే చిత్రకారుడు పరిచయమయ్యాడు. మరుసటేడు పెళ్ళి. 1924లో కూతురు మోనా పుట్టింది. అదే ఏడు హన్స్ సొంతూరు వైపు, ట్రోన్‌హైమ్ దగ్గర సముద్రం ఒడ్డునున్న ఓర్లాండెట్‌లో చిన్న కమతంలో కాపురం పెట్టారు.

కరెంటు లేదు, కుళాయి లేదు. ఇల్లు కట్టుకోవాలి, దుంపలు పండించుకోవాలి, గొర్రెల్ని చూసుకోవాలి. మగ్గాన్ని హన్స్ తయారుచేసి ఇచ్చాడు. దాదాపు అప్పుడే హన్నా రంగుల పెయింటింగ్ వదిలేసి నేతలోకి దిగారు. ఆమెకి నేత నేర్పిన బడి ఏదీ లేదు, చాలావరకు సొంతంగానే పట్టుకున్నారు. జీవితం మొత్తంలో ఇంచుమించు వంద పెద్ద నేతలు నేశారు.

ఆ ఇంటి జీవితాన్ని పల్లెటూరి ప్రశాంతత కింద లెక్కగట్టడం సులువు. 1930ల నాటి నార్వే తీరంలో పరిస్థితి అది కాదు. ధరలు పడిపోయి రైతులూ మత్స్యకారులూ అప్పుల్లో కూరుకుపోయారు, ఆస్తులు వేలానికి పోయాయి. 1933లో నేసిన "అప్పుల సముద్రంలో చేపలవేట" అనే నేత దాని గురించే. అంటే ఆమె రాజకీయం దూరదేశాల వార్తలతో మొదలవ్వలేదు, ఇరుగుపొరుగు ఇళ్ళనుంచి మొదలైంది. ఇద్దరూ వామపక్షం మనుషులు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ దాచలేదు.

నీలం రంగుకి మూత్రం ఎందుకు?

రిగ్గెన్ గురించి ఎవరు రాసినా ఈ ముచ్చట రాకుండా ఉండదు. నీలం రంగు కోసం ఇంటికొచ్చిన అతిథుల దగ్గర మూత్రం పోగుచేసేవారట. నవ్వులాటగా చెబుతారు, కానీ దాని వెనక గట్టి రసాయనశాస్త్రం ఉంది. నార్వే పల్లెల్లో ఈ పద్ధతి పాతదే. కుండ నీలం అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవాళ్ళు.

నీలిమందు నీళ్ళలో కరగదు. కరగని రంగు దారంలోకి ఎక్కదు. నిల్వ ఉంచిన మూత్రంలో అమ్మోనియా పుడుతుంది, దాంతో ద్రవం క్షారంగా మారుతుంది. అందులో పెరిగే బాక్టీరియా ఆక్సిజన్‌ని తినేస్తుంది. ఆ స్థితిలో నీలిమందు రూపం మార్చుకుని కరుగుతుంది, ద్రవం పసుపు కలిసిన పచ్చరంగులో కనబడుతుంది. అందులో ఊలు ముంచి బయటికి తీస్తే గాలి తగిలి కళ్ళముందే నీలంగా మారుతుంది. ఇంకా ముదురు కావాలంటే మళ్ళీ ముంచాలి. రోజుల తరబడి కుండను వెచ్చగా ఉంచుకోవాలి, చలిదేశంలో అదొక పెద్ద పని. వాసన సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మిగతా రంగులకి బిర్చ్ ఆకులు, చెట్ల బెరడు, రాళ్ళమీద పెరిగే లైకెన్, వేళ్ళు. ఇలా వచ్చిన రంగులు ఒక పట్టాన రెండుసార్లు ఒకేలా రావు. ఒకే నీలం అనుకున్నచోట దగ్గరగా చూస్తే నాలుగైదు నీలాలుంటాయి. బొమ్మలకి ఒక కదలిక రావడానికి ఈ నిలకడలేని రంగులూ ఒక కారణం. ఫొటోలో ఇది సగం కూడా కనబడదు.

ఒక వార్త మగ్గమెక్కితే: ఇథియోపియా ఉదాహరణ

1935 అక్టోబర్ 3న ముసోలినీ సైన్యం ఇథియోపియా మీద పడింది. నానాజాతి సమితి ఖండించింది, ఆంక్షలు పెట్టింది, కానీ యుద్ధానికి అసలైన ఇంధనం చమురు. దాని జోలికి పోలేదు. ఆ డిసెంబర్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ విదేశాంగ మంత్రులు హోర్, లవాల్ కూర్చుని ఇథియోపియాలో పెద్ద భాగాన్ని ఇటలీకి కట్టబెట్టే ఒప్పందం రహస్యంగా రాసుకున్నారు. అది బయటికి పొక్కి గొడవైంది. ఇటలీ విషవాయువు కూడా వాడింది.

ఓర్లాండెట్‌లో పేపర్ చదువుకుంటున్న రిగ్గెన్ దీన్ని మగ్గమెక్కించారు. "ఇథియోపియా" అనే ఆ నేత అడ్డంగా సాగిన పొడుగాటి పట్టీలా ఉంటుంది. పక్కపక్కనే మనుషులు: చక్రవర్తి హైలే సెలాసీ, చూస్తూ ఊరుకున్న యూరప్ పెద్దలు. కుడి చివర ఇథియోపియా యోధుడి బల్లేనికి గుచ్చిన ముసోలినీ తల.

ఇక్కడ కాలం లెక్క చూడాలి. నేత ఎంత నెమ్మదైన పనో అంచనా కోసం నెలకి ఒక చదరపు మీటరు నేయగలరని అనుకుందాం. ఇది ఊహ మాత్రమే, దారం లావునీ బొమ్మనీ బట్టి మారుతుంది. నాలుగు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పుంటే ఆరు చదరపు మీటర్లు, అంటే ఆరు నెలలు. ఉన్ని వడకడం, రంగులు వేయడం దీనికి అదనం. పేపర్లో వార్త మర్నాటికి పాతబడుతుంది. ఆమె మాత్రం ఆ వార్తతో నెలల తరబడి కూర్చోవాలి, ముసోలినీ ముక్కుకి ఎన్ని పోగులో లెక్కపెట్టుకుంటూ. కోపం అన్నాళ్ళు నిలబడాలంటే అది క్షణికావేశం అయి ఉండకూడదు. ఆమె నేతలకి కార్టూన్ల చురుకుతోపాటు బరువు ఎక్కడినుంచి వచ్చిందంటే నా లెక్కలో ఇక్కడినుంచే.

1937లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ఎగ్జిబిషన్‌కి నార్వే ఈ నేతను పంపింది. ఇటలీకి కోపం వస్తుందని ముసోలినీ తల ఉన్న చివరి భాగాన్ని కనబడకుండా చేసి వేలాడదీశారు. అదే ఎగ్జిబిషన్‌లో స్పెయిన్ పెవిలియన్‌లో, గెర్నికా అనే స్పెయిన్ ఊరిమీద పడిన బాంబుల గురించి పికాసో వేసిన పెయింటింగ్ "గెర్నికా" ఉంది. అందుకే ఇప్పుడు రిగ్గెన్ గురించి రాసేవాళ్ళు చాలామంది ఆ రెండింటినీ పక్కపక్కన పెడతారు.

ఆ పోలిక న్యాయమా? రెండువైపులా మాట ఉంది. ఫాసిజం మీద, పౌరులమీద పడిన బాంబుల మీద, అదే రోజుల్లో, అదే చోట రెండు పెద్ద పనులు ఉన్నాయి, ఒకటి జగత్ప్రసిద్ధం అయింది, రెండోది మరుగున పడింది. ఆ తేడాకి కారణం అడగాల్సిందే అని ఒక వాదన. ఆమె నేత రెండేళ్ళు ముందు మొదలైందని కూడా గుర్తుచేస్తారు. పికాసో పక్కన నిలబెడితే తప్ప ఆమెకి విలువ లేదన్నట్టు అవుతోంది, పైగా రెండూ పనిచేసే తీరే వేరు అని రెండో వాదన. గెర్నికాలో ఫలానా నాయకుడు అని గుర్తుపట్టే ముఖం లేదు. రిగ్గెన్ దగ్గర ముఖాలు, పేర్లు ఉంటాయి. నాకు రెండో వాదనే ఎక్కువ నచ్చుతుంది, కానీ మొదటిది లేకపోతే మనలో చాలామందికి ఆమె పేరే తెలిసేది కాదన్నదీ నిజమే.

ఇంకో సంగతి. గెర్నికాకి టాపెస్ట్రీ రూపం కూడా ఉంది. నెల్సన్ రాక్‌ఫెల్లర్ కోరితే 1955లో జాక్లిన్ ద లా బోమ్ ద్యూర్‌బాక్ అనే ఫ్రెంచి నేతకారిణి నేశారు. అది న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి బయట వేలాడింది. 2003 ఫిబ్రవరిలో ఇరాక్ మీద యుద్ధం గురించి అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ అక్కడ మాట్లాడబోతుంటే దానిమీద నీలం పరదా కప్పారు. టీవీ కెమెరాలకి నేపథ్యం బాగుండాలనే కప్పామని అధికారుల వివరణ. దాన్ని "పికాసో టాపెస్ట్రీ" అనే అంటారు, నేసినామె పేరు చాలా వార్తల్లో రాలేదు.

ఆక్రమణ కాలంలో

1930ల చివరికి ఆమె వరసగా జర్మనీ వైపు చూశారు. 1936లో నేసిన ఒకటి కార్ల్ ఫోన్ ఓసియెట్‌స్కీ గురించి. నాజీల క్యాంపులో నలిగిపోయిన ఈ పాత్రికేయుడికే నార్వే కమిటీ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చింది. 1938 జూన్‌లో బెర్లిన్‌లో తల నరికి చంపిన లిసెలోటె హెర్‌మాన్ అనే యువ కమ్యూనిస్టు తల్లి మీద అదే ఏడు ఇంకో నేత.

1940 ఏప్రిల్ 9న జర్మనీ నార్వేని ఆక్రమించింది. ఓర్లాండెట్‌లో జర్మన్లు ఎయిర్‌ఫీల్డ్ కట్టారు, యుద్ధఖైదీలతో పని చేయించారు. వార్త ఇప్పుడు పేపర్లో కాదు, కంచె అవతల ఉంది. 1942 అక్టోబర్‌లో ట్రోన్‌హైమ్ ప్రాంతంలో అత్యవసర పరిస్థితి ప్రకటించి, మొదటిరోజు పదిమంది పేరున్న పౌరుల్ని ప్రతీకారంగా కాల్చి చంపారు. ఆ రోజుల్లో మొత్తం 34 మంది పోయారు. మొదటి పదిమందిలో నాటకశాల డైరెక్టర్ హెన్రీ గ్లెదిత్ష్ ఒకరు. రిగ్గెన్ "1942 అక్టోబర్ 6" పేరుతో పెద్ద నేత నేశారు. అందులో గ్లెదిత్ష్ హత్య, చర్చిల్, సముద్రంలో పడవ మీద తమ కుటుంబం ఉంటారు. ఆ నేతను బట్టలారేసే తాడుమీద జర్మన్ సైనికులకి కనబడేలా వేలాడదీశారని ఒక కథ చెబుతారు. 1944లో హన్స్‌ని పట్టుకెళ్ళి ఆస్లో దగ్గర గ్రీనీ క్యాంపులో పెట్టారు. యుద్ధం అయ్యాక ఆ పేరుతోనే ఒక నేత వచ్చింది.

ఇలా రాసుకుంటూ పోతే ఆమె జీవితమంతా రాజకీయమే అనిపిస్తుంది. అది పూర్తి బొమ్మ కాదు. 1947 నాటి "తల్లి గుండె" మూర్ఛవ్యాధితో బాధపడిన కూతురు గురించి. ఇంటి జంతువుల మీద, ప్రేమ మీద, పెళ్ళికాని తల్లి మీద నేసినవి ఉన్నాయి. హన్స్ 1956లో పోయాక ఆమె ట్రోన్‌హైమ్‌కి మారారు. 1966లో వియత్నాం యుద్ధం మీద "గడ్డిలో రక్తం" నేశారు. పచ్చటి గళ్ళ మధ్య ఎర్రచారలు, పక్కన టోపీ పెట్టుకున్న అధ్యక్షుడు జాన్సన్, అతని కుక్క. అప్పటికి ఆమెకి డెబ్బై దాటింది. అది ఇప్పుడు బెర్గెన్‌లోని కోదే మ్యూజియంలో ఉంది.

కళా, చేతిపనా, ప్రచారమా?

ఆమె మీద వాదనలు మూడుచోట్ల తిరుగుతాయి, వాటిని కలిపేయడం వల్లే గందరగోళం.

మొదటిది కళా, చేతిపనా అన్నది. ఆమె నేతలు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ట్రోన్‌హైమ్‌లోని అలంకరణ కళల మ్యూజియంలో. ఆ సంస్థ ఆమెను మొదట్నుంచీ ఆదుకుంది, కానీ కుర్చీలూ గాజుపాత్రలూ ఉండే మ్యూజియం కాబట్టి చిత్రకళ చరిత్ర రాసేవాళ్ళ కళ్ళు అటు పోలేదు. అలాగని ఆమెను బతికుండగా ఎవరూ పట్టించుకోలేదనడం తప్పు. 1962లో స్టాక్‌హోమ్ మోదేర్నా మ్యూజియంలో ప్రదర్శన జరిగింది, 1964లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో నార్వే తరఫున ఆమె పని పెట్టారు. మరుగున పడింది ఆ తర్వాత, అదీ ముఖ్యంగా నార్వే బయట. 2012లో జర్మనీలోని కాసెల్‌లో జరిగే డాక్యుమెంటా అనే పెద్ద కళాప్రదర్శనలో చూపించాక మళ్ళీ ప్రపంచం తిరిగి చూసింది. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్, ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలు. 2016 నుంచి ట్రోన్‌హైమ్‌లో ఆమె పేరుతో మూడేళ్ళకోసారి కళా ఉత్సవం నడుస్తోంది. ఊలు పనిని ఆడవాళ్ళ ఇంటిపనిగా చూసే అలవాటే దీనికంతటికీ మూలమని స్త్రీవాద చరిత్రకారులు అంటారు. మెటీరియల్ కూడా కారణమే. ఊలు వెలుగుకి వెలిసిపోతుంది, పురుగు పడుతుంది, ఏళ్ళ తరబడి గోడమీద ఉంచలేరు. చూసే అవకాశమే తగ్గుతుంది.

రెండోది ప్రచారం అన్న విమర్శ. దుర్మార్గుడెవరో, బాధితుడెవరో ఆమె నేతల్లో స్పష్టంగా తెలిసిపోతుంది. యాభై ఏళ్ళ తర్వాత ఆ పేర్లు తెలియనివాళ్ళకి పక్కన వివరణ పలక కావాలి. ఇది నిజమైన ఇబ్బందే. ఓసియెట్‌స్కీ ఎవరో తెలియకుండా ఆ నేత ముందు నిలబడితే రంగులు మాత్రమే చూస్తాం. అయితే మధ్యయుగపు చర్చి నేతలూ తెలిసిన కథల మీదే ఆధారపడ్డాయి. బైబిల్ కథ రానివాడికి పదిమంది కన్యల నేత కూడా పదిమంది ఆడవాళ్ళే. ఆమె ఆ పాత పద్ధతిని తీసుకుని అందులో పేపర్ వార్తల్ని పెట్టారని సమర్థించేవాళ్ళ మాట.

మూడోది ఎక్కడ వేలాడాలి అన్నది. తన నేతలు ఎవరి ఇంట్లోనో సోఫా వెనక్కి పోకుండా ప్రజలు తిరిగే చోట ఉండాలని ఆమె పట్టుబట్టేవారు. ఈ పట్టుదలే ఒక నేతను 2011లో బాంబు దారిలో నిలబెట్టింది.

ఆస్లో చిరుగు

1958లో ఆస్లోలో ఎర్లింగ్ విక్షో రూపకల్పన చేసిన ప్రభుత్వ భవనం హోయ్‌బ్లొక్కా తయారైంది. దాని కోసం రిగ్గెన్ "మనం ఒక నక్షత్రం మీద బతుకుతున్నాం" అనే నేత నేశారు. నాలుగు మీటర్లకి మూడు. ఇందులో ఏ నియంతా లేడు. మధ్యలో నగ్నంగా హత్తుకున్న ఆడా మగా.

2011 జూలై 22న తీవ్ర రైట్‌వింగ్ భావాలున్న ఒక వ్యక్తి ఆ భవనం ముందు కారుబాంబు పేల్చాడు. అక్కడ ఎనిమిదిమంది పోయారు. ఆ తర్వాత ఉతోయా ద్వీపంలో అతను 69 మందిని చంపాడు. లాబీలో ఉన్న నేత కింది భాగం చిరిగింది. శుభ్రం చేసి అతికారు, కానీ ఆ అతుకు కంటికి కనబడేలానే ఉంచారు.

ఫాసిజం మీద నేసిన మనిషి పనిని ఫాసిస్టు బాంబు చించింది అని కొందరు రాస్తారు. వినడానికి బాగుంటుంది గానీ కాస్త జాగ్రత్త కావాలి. బాంబు గురి ప్రభుత్వం మీద, నేత మీద కాదు.

బాగుచేయడం దగ్గర అసలు ప్రశ్న వేరు. చిరిగిన టాపెస్ట్రీని రెండు రకాలుగా బాగుచేయొచ్చు. తెగిన పడుగు స్థానంలో కొత్త పోగులు బిగించి, సరిపోలే రంగు ఊలుతో ఆ భాగాన్ని మళ్ళీ నేయడం ఒకటి. పాత రోజుల్లో వర్క్‌షాపులు ఇలాగే చేసేవి. రెండోది వెనక వేరే గుడ్డ ఆసరాగా పెట్టి, తెగిన పోగుల్ని దానిమీద సన్నటి కుట్లతో కదలకుండా నిలపడం. మొదటి పద్ధతిలో గోడమీద బొమ్మ నిండుగా ఉంటుంది, కళాకారిణి కోరుకున్నది చిరుగు కాదు కదా అని ఆ పక్షం అడుగుతుంది. రెండో పక్షం ఈ నేత విషయంలో మరీ బలంగా మాట్లాడుతుంది, ఎందుకంటే రిగ్గెన్ గీసిచ్చిన నమూనా ఏదీ లేదు. గోబెలాన్ నేత చిరిగితే నమూనా చూసి మళ్ళీ నేయొచ్చు. ఇక్కడ ఏ పోగు దగ్గర ఏ నీలం తిప్పాలన్న నిర్ణయం ఆమె చేతిలోనే పుట్టింది, ఆమెతోనే పోయింది. కొత్తగా నేసింది ఇంకొకరి బొమ్మ అవుతుంది. పైగా ఆసరా గుడ్డ మీది కుట్లు రేపు ఎవరైనా వద్దనుకుంటే విప్పేయొచ్చు. మళ్ళీ నేయాలంటే మాత్రం చిరుగు అంచుల్లో మిగిలిన ఆమె పేకను కొంత విప్పాల్సి వస్తుంది, అలా విప్పిన ఊలును తిరిగి అదే స్థానంలో పెట్టడం ఎవరి తరమూ కాదు.